రెక్క పైనుండెనా, కిందుండెనా?

మద్రాసు నుంచి నాగపూర్‌కు పటం మీద స్కేలు పెట్టి గీత గీస్తే అది మా హుజూరాబాద్ పక్క నుంచే పోతుంది. 1949 జనవరిలో రాత్రి టపా విమానాలు మొదలైనప్పుడు ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల నుంచి పొద్దుపోయాక బయల్దేరిన విమానాలు నడిరాత్రి నాగపూర్ సోనేగావ్‌లో కలుసుకునేవి. ఉత్తరాల సంచులు, ప్రయాణికులు అక్కడే విమానాలు మారి, తెల్లారేసరికి ఎవరి గమ్యం వాళ్లు చేరేవారు. మొదట్లో ఆ పని డకోటాలది. తర్వాత నాలుగింజన్ల స్కైమాస్టర్లు కూడా వచ్చాయి. మన పల్లెలు చాలావరకు కిరసనాయిలు దీపాల వెలుతురులో బతుకుతున్న రోజులవి. ఆ దారికింద పండుకున్న ఊళ్లలో ఎవరూ ఆ విమానం ఎక్కలేదు. ఎక్కే రోజు రావడానికి ఇంకో పాతికేళ్లు పట్టింది. వచ్చినప్పుడు మాత్రం ఒకరిద్దరు కాదు, ఊళ్లకు ఊళ్లే ఎక్కాయి.

నా బల్ల మీద ఇప్పుడొక డకోటా ఉంది. నిర్మల్ బొమ్మలు చేసే పొనికి కర్రతో చెక్కినది. 1:72 స్కేలు. అసలు విమానం రెక్కల కొస నుంచి కొసకు 29 మీటర్లు, నా బల్ల మీది దానికి 40 సెంటీమీటర్లు. ఈ 72 ఎక్కడిదని చాలామంది అడుగుతారు. ఆరడుగుల మనిషిని 72 వంతులకు తగ్గిస్తే సరిగ్గా అంగుళం వస్తాడు. చిన్న విమానాలకు లోకమంతా ఈ కొలతే పట్టుకుంది. ప్రయాణికుల విమానాలు పెద్దవయ్యేకొద్దీ ఆ కొలతలో చేస్తే ఇంట్లో చోటు చాలలేదు. అందులో సగం, అంటే 1:144, వాటికి రివాజయింది. ఇందులో మనిషి అర అంగుళమే. బ్రిటన్‌లోని ఎయిర్‌ఫిక్స్ కంపెనీ బోయింగ్ 707, 747, ట్రైస్టార్, కారవెల్ లాంటివన్నీ ఈ కొలతలోనే ప్లాస్టిక్ కిట్లుగా అచ్చుపోసింది. డబ్బా విప్పితే ముక్కలుంటాయి. జిగురు పెట్టి అతికించి రంగు వేసుకోవాలి. ఆ డబ్బాలు మా వైపు దుకాణాల్లో కనబడేవి కావు. అందుకే నేను కర్ర పట్టాను, ఇప్పుడు కిట్లు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నా కర్ర వదలలేదు.

పొనికి తేలిక కర్ర, మెత్తన. ఉలికి ఎదురు తిరగదు. నిర్మల్ నకాషీ కళాకారులు దీంతోనే పండ్లు, పక్షులు, జంతువులు చేస్తారు. చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి మక్కు నూరి, అతుకులు, గుంటలు పూడుస్తారు. విమానానికీ ఆ మక్కే వాడతాను. ముందు దిమ్మెను చిత్రిక పట్టి, పక్క మీద పక్కవాటు బొమ్మ, పైన పైవాటు బొమ్మ గీసి రంపంతో కోయాలి. అప్పటికి చేతిలో ఉండేది నాలుగు మూలల విమానం. మూలలు తీసి గుండ్రం చేయడం ఆకురాయి పని. పాత పెండ్లిపత్రికల అట్టను కావలసిన వంపుకు కత్తిరించుకుని, అక్కడక్కడా ఒంటికి ఆనించి దీపం ముందు పట్టి చూస్తాను. అట్ట తగిలినచోట ఇంకా చెక్కాలి, వెలుతురు కారినచోట మక్కు పెట్టాలి. తర్వాత ఉప్పుకాగితం, ఆ తర్వాత రంగు. డకోటాకు అసలు పరీక్ష రెక్క దగ్గర. నడిమి భాగం సమంగా ఉండి, ఇంజన్లు దాటాక పైకి లేస్తుంది. ఆ విరుపు కుదరకపోతే మిగతాదంతా ఎంత బాగా వచ్చినా అది డకోటా కాదు.

ఈ పని చేస్తుంటే నాకు తెలిసొచ్చిన సంగతి ఒకటుంది, ఈ వ్యాసమంతా దాని కోసమే. మన దగ్గర విమానాల చరిత్ర అంటే నిజాం, టాటా, బేగంపేట, పైలట్ల సాహసాలు. రాయవలసిందే, అవన్నీ నిజాలే. వెనక సీట్లలో కూర్చుని పోయిన కరీంనగర్, ఆదిలాబాద్ మనుషులు మాత్రం అందులో లేరు. వాళ్లను 'ఏ విమానంల పోయిండ్రు?' అనడిగితే 'ఎయిరిండియాల' అంటారు, లేకపోతే 'పెద్ద విమానంల' అంటారు. చరిత్ర రాసేవాళ్లకు ఆ జవాబు సరిపోతుంది, అక్కడితో ఆగిపోతారు. బొమ్మ చెక్కేవాడికి సరిపోదు. ఇంజన్లెన్ని? ఎక్కడున్నయి? మెట్లు ముందా, వెనకా? కిటికీలోంచి చూస్తే రెక్క మీకన్నా పైనుండెనా, కిందుండెనా? ఇలా అడిగితే నలభై యాభై ఏళ్ల కింద మూసిన పెట్టె తెరుచుకుంటుంది. విమానం ఒక్కటే కాదు, ఆ రోజు వెంట ఎవరొచ్చారో, ఎవరు ఏడ్చారో, జేబులో ఏముందో కూడా బయటికొస్తుంది.

మొదట డకోటా సంగతే చూద్దాం. డగ్లస్ కంపెనీ డీసీ-3 అమెరికాలో తొలిసారి ఎగిరింది 1935 డిసెంబర్ 17న. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యాల కోసం వేలకొద్దీ తయారై, యుద్ధం ముగిశాక అగ్గువకు అమ్ముడుపోయాయి. మన దేశంలో కొత్త విమాన కంపెనీలు వరుసగా పుట్టింది ఆ అగ్గువ విమానాల మీదే. నిజాం స్టేట్ రైల్వే, టాటాలు కలిసి 1945లో పెట్టిన డెక్కన్ ఎయిర్‌వేస్ వాటిలో ఒకటి. రైలూ బస్సూ నడుపుతున్న సంస్థే విమానాలకూ పూనుకుంది. 1946లో బేగంపేట నుంచి సర్వీసులు మొదలయ్యాయి, మద్రాసు, బెంగళూరు ఒక వైపు, నాగపూర్, భోపాల్ మీదుగా ఢిల్లీ ఇంకో వైపు. మన దేశంలో తొలి మహిళా కమర్షియల్ పైలట్ ప్రేమ్ మాథుర్‌కు ఉద్యోగం ఇచ్చింది కూడా ఈ హైదరాబాద్ కంపెనీయే. ఆమెను అంతకుముందు ఎనిమిది కంపెనీలు కాదన్నాయి. 1949లో ఆమె నేషనల్ ఎయిర్ రేస్ గెలిచారు.

డకోటా తోక చక్రం మీద వాలి నిలబడుతుంది. ముక్కు ఆకాశం వైపు, తోక నేల మీద. అందుకే వెనక తలుపులోంచి లోపలికి అడుగుపెట్టిన మనిషి తన సీటు దాకా ఎత్తు మీదికి నడవాలి. బేగంపేటలో ఆ రోజుల్లో ఎక్కిన పెద్దలు చెప్పే మాటల్లో ఇది తప్పకుండా ఉంటుంది. 'లోపల్నే ఎత్తుండె' అని ఎవరైనా అన్నారంటే ఇక అడగాల్సిన పని లేదు, అది డకోటా.

ఇక్కడే ఇంకో విమానం గురించీ చెప్పాలి. 1948లో ఆస్ట్రేలియా పైలట్ సిడ్నీ కాటన్ కరాచీ నుంచి రాత్రివేళ నిజాం ప్రభుత్వానికి ఆయుధాలు చేరవేసింది లాంకాస్ట్రియన్లలో. యుద్ధకాలపు లాంకాస్టర్ బాంబర్‌ను ప్రయాణికుల కోసం మార్చి చేసిన విమానమది. మెత్తటి సీట్ల కోసం చేసిన కడుపులో తుపాకులు వచ్చాయి. నా మోడళ్ల వరుసలో దానికీ చోటు ఉంచాను. విమానం దేన్ని మోసిందన్నదీ చరిత్రే.

1953 ఆగస్టు 1న డెక్కన్ ఎయిర్‌వేస్‌తో పాటు మొత్తం ఎనిమిది కంపెనీల దేశీయ సర్వీసులు కలిసి ఇండియన్ ఎయిర్‌లైన్స్ అయ్యాయి. కొత్త సంస్థ చేతికి వచ్చిన 99 విమానాల్లో 74 డకోటాలే. తర్వాత పదిహేనేళ్లలో బేగంపేట రన్‌వే మీద రూపాలు గబగబా మారాయి. 1957లో వైకౌంట్, 1961లో ఫోకర్ ఫ్రెండ్‌షిప్ ఎఫ్-27, 1964లో మొదటి జెట్ కారవెల్, 1967లో కాన్పూర్ హెచ్‌ఏఎల్‌లో తయారైన ఆవ్రో 748. ఇండియన్ ఎయిర్‌లైన్స్ దళంలోకి ఇవి వచ్చిన వరుస ఇది.

వీటిలో వైకౌంట్, ఫోకర్, ఆవ్రో మూడింటికీ ఇంజన్ ఒకటే, రోల్స్ రాయిస్ డార్ట్. సన్నగా, చెవులు గింగురుమనేలా ఈల వేసే ఇంజన్. అందువల్ల 'ఈల లెక్క చప్పుడు' అని చెబితే మూడింట్లో ఏదైనా కావచ్చు. అక్కడ రెక్క పనికొస్తుంది. ఫోకర్‌కు రెక్క నెత్తి మీద ఉంటుంది. కిటికీ పక్క కూర్చుంటే కింద పొలాలు, చెరువులు అడ్డు లేకుండా కనబడతాయి, దిగేటప్పుడు చక్రాలు ఇంజన్ కింది నుంచి బయటికి రావడం కూడా కనబడుతుంది. ఆవ్రోకు రెక్క కింద ఉంటుంది. రెక్క పక్క సీటు వచ్చినవాళ్లకు భూమికి బదులు అల్యూమినియం రేకే కనబడుతుంది. వైకౌంట్‌కూ రెక్క కిందే, కానీ దానికి ఇంజన్లు నాలుగు, కిటికీలు పెద్ద పెద్ద కోడిగుడ్డు ఆకారాలు. కారవెల్‌ను గుర్తుపట్టడం ఇంకా తేలిక. ఇంజన్లు రెండూ తోక దగ్గర, కిటికీలు మూలలు అరిగిన త్రికోణాలు, ఎక్కే మెట్లు తోక కింది నుంచి దిగుతాయి.

ఒక వకీలు సాబు కుటుంబంలో అన్నదమ్ములిద్దరు చిన్నప్పుడు తండ్రి వెంట బేగంపేట నుంచి ఎగిరిన ప్రయాణం గురించి ఏండ్లుగా వాదులాడుకుంటున్నారు. అది ఫోకరని అన్న, ఆవ్రో అని తమ్ముడు. రెండు మోడళ్లూ వాళ్ల ముందు పెట్టాను. తమ్ముడు ఫోకర్‌ను చేతిలోకి తీసుకుని కంటికి సమంగా పట్టుకుని, 'కాదన్నా, ఇది కాదు. నేను రెక్క మీద నీళ్ల చుక్కలు ఉరుకుడు జూసిన. పైకెల్లి జూసిన' అన్నాడు. రెక్కను పై నుంచి చూడాలంటే అది కిటికీకి కిందే ఉండాలి. అన్న కొంచెంసేపు ఊరుకుని, 'ఆ రోజు వానవడ్డది నిజమే' అన్నాడు. తర్వాత ఇద్దరూ తండ్రి గురించి మాట్లాడుకున్నారు, విమానం ముచ్చట మళ్లీ రాలేదు.

మా వైపు విమానం దిగే చోట్లు కూడా ఉండేవన్న సంగతి కొత్త తరానికి చెప్పాలి. హుజూరాబాద్ నుంచి హన్మకొండ దాటితే మామునూరు. 1930లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో కట్టిన విమానాశ్రయం. వరంగల్ ఆజంజాహీ మిల్లు, కాగజ్‌నగర్ పేపరు మిల్లు లాంటి పరిశ్రమల రాకపోకలకు పనికొచ్చింది. 1981 ప్రాంతంలో అక్కడ ప్రయాణికుల సర్వీసులు ఆగిపోయాయి. ఆ తర్వాత ఆ నేలను వాడుకున్నది ఎన్‌సీసీ ఎయిర్ స్క్వాడ్రన్. గ్లైడర్ శిక్షణతో పాటు ఏరోమోడలింగ్ కూడా అక్కడ నేర్పారు. పెద్ద విమానాలు రావడం మానేసిన రన్‌వే మీద కాలేజీ పిల్లలు చిన్న విమానాలు ఎగరేశారు. కంట్రోల్ లైన్ విమానమంటే రెండు సన్నని తీగల కొసన కట్టి ఉంటుంది. పిల్లవాడు మధ్యలో నిలబడి తనూ తిరుగుతూ దాన్ని చుట్టూ తిప్పాలి, పిడికిలి వంచితే లేస్తుంది, దించితే దిగుతుంది. కళ్లు తిరిగి పడ్డవాళ్లూ ఉంటారు, ఆ చేతివాటం వచ్చినవాళ్లు జీవితాంతం వదలరు.

రెండో చోటు బసంత్‌నగర్. పెద్దపల్లి నుంచి గోదావరిఖని దారిలో కేశోరాం సిమెంటు ఫ్యాక్టరీ కోసం వేసిన ఎయిర్‌స్ట్రిప్. 1980లలో వాయుదూత్ హైదరాబాద్ నుంచి ఇక్కడికి సర్వీసు నడిపింది. చిన్న ఊళ్లను కలపడానికే 1981లో పుట్టిన సంస్థ వాయుదూత్. దాని దగ్గర ఫోకర్లూ, ఆవ్రోలూ, 19 సీట్ల డోర్నియర్ 228లూ ఉండేవి. నష్టాల్లో కూరుకుపోయి 1993లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసింది. 1:144లో డోర్నియర్ పన్నెండు సెంటీమీటర్లు కూడా రాదు, అరచేతిలో ఇమిడిపోతుంది. బొగ్గు, సిమెంటు, ఎరువులు, కరెంటు తయారయ్యే ప్రాంతానికి ఆ పాటి విమానమైనా నిలవకపోవడం నాకు ఇప్పటికీ బాధే. 2025లో మామునూరును మళ్లీ తెరవడానికి కేంద్రం అనుమతి ఇచ్చింది. అది పూర్తయి విమానం దిగేదాకా నేను ఆ రన్‌వేను పాత కొలతల్లోనే గుర్తుంచుకుంటాను.

ఇక అసలు కథ. 1973లో చమురు ధర నాలుగింతలై గల్ఫ్ దేశాల్లో కట్టుబడి పనులు ఊపందుకున్నాక, కరీంనగర్ జిల్లా నుంచి, దానికి ఆనుకున్న ఆదిలాబాద్, నిజామాబాద్ ఊళ్ల నుంచి మగవాళ్లు బయల్దేరారు. బావుల్లో నీళ్లు లేవు, మగ్గం మీద కూలి గిట్టదు. జమ్మికుంటలోనో కాజీపేటలోనో రైలెక్కడం, లేదా కరీంనగర్ నుంచి బొంబాయి బస్సు పట్టడం. బొంబాయిలో మనవాళ్లు తరాలుగా ఉంటున్న కామాటిపురాలోనో, భివండి మరమగ్గాల పక్క గదుల్లోనో ఏజెంటు పిలుపు కోసం కూర్చోవడం. ఆ ఎదురుచూపు గురించి చాలామంది రాశారు. ఆ తర్వాత ఎక్కిన విమానం గురించి ఎవరూ రాయలేదు. ఊరిలో బస్సు తప్ప ఎరగని మనిషి ఆ రోజుల్లో లోకంలోకెల్లా పెద్ద విమానాల్లో కూర్చున్నాడు. తెలుగు నేల మీద జెట్ విమానపు తొలి సామూహిక అనుభవం మన కూలివాళ్లదని నా నమ్మకం.

హుజూరాబాద్ పక్క ఊళ్లో ఒక పెద్దాయన డెబ్బైల చివర్లో బహ్రెయిన్ పోయి తాపీపని చేసి వచ్చాడు. వరుసకు పెద్దబాపు అవుతాడు. అప్పటికి నా దగ్గర ట్రైస్టార్ ఒళ్లు మాత్రమే తయారైంది, ఇంజన్లు ఇంకా పెట్టలేదు. అదేమిటో చెప్పకుండానే చేతిలో పెట్టాను.

'పెద్దబాపూ, గిసొంటిది ఎన్నడన్న జూసినవా?'

అటూ ఇటూ తిప్పి, తోక మొదట్లో వేలు పెట్టాడు.

'ఈడ ఇంకో ఇంజన్ ఉండాలె గదరా. నోరు తెరుసుకోని ఉంటుండె. మెట్లెక్కేటప్పుడు మల్లి జూసిన, అగో గది నెత్తిమీదికెల్లి గాలి గుంజుకుంటదా అని.'

'తోకమీద బొమ్మేమన్న యాదికున్నదా?'

'డేగ. బంగారు రంగు డేగ.'

బంగారు డేగ గల్ఫ్ ఎయిర్‌ది. బహ్రెయిన్, ఖతర్, అబుదాబి, ఒమన్ ప్రభుత్వాలు 1974లో చేతిలోకి తీసుకున్న ఆ సంస్థ 1976 నుంచి లాక్‌హీడ్ ఎల్-1011 ట్రైస్టార్లు నడిపింది. ట్రైస్టార్ తొలిసారి ఎగిరింది 1970 నవంబర్ 16న. దాని ఇంజన్ ఆర్‌బీ 211 తయారీ ఖర్చు మోయలేకనే 1971 ఫిబ్రవరిలో రోల్స్ రాయిస్ దివాలా తీసింది, బ్రిటిష్ ప్రభుత్వం ఆదుకుంది. మొత్తం 250 మాత్రమే తయారయ్యాయి. రెండు ఇంజన్లు రెక్కల కింద, మూడోది తోక లోపల. గాలి తీసుకునే నోరు పైన, వీపు మీద ఉంటుంది, ఇంజన్ మాత్రం కింద, ఒంటి చివర ఉంటుంది. రెంటికీ మధ్య గాలి మెలిక తిరిగిన గొట్టంలోంచి దిగుతుంది. అదే కాలపు డీసీ-10లో మూడో ఇంజన్ తోక మధ్యలో సూటి గొట్టంలో ఉంటుంది. దూరం నుంచి రెండూ ఒకటే అనిపిస్తాయి. పెద్దబాపు చెప్పిన నోరు డీసీ-10ది కాదు. ఆయన వేలు పెట్టిన చోట సన్న ఉలితో గుంట తీసి, అంచును ఉప్పుకాగితంతో పెదవిలా పలచన చేసి, లోపల నల్లరంగు వేశాను. మోడల్ మొత్తం 38 సెంటీమీటర్లయితే ఆ నోరు రెండు సెంటీమీటర్లు కూడా లేదు. పూర్తయ్యాక ఆయన అడిగింది ఒకటే, 'గిండ్ల నా సీటెక్కడ?' అని. రెక్క వెనక, ఎడమ వైపు అని ఆయనే గుర్తు తెచ్చుకున్నాడు. ఆ కిటికీ దగ్గర పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టుకున్నాం.

ఎయిర్ ఇండియా సంగతి వేరు. 1960లో వచ్చిన బోయింగ్ 707లకు ఆ సంస్థ హిమాలయ శిఖరాల పేర్లు పెట్టింది. 1971లో వచ్చిన 747లకు చక్రవర్తుల పేర్లు. ఆ ఏడాది ఏప్రిల్ 18న బొంబాయిలో దిగిన మొదటి 747 పేరు ఎంపరర్ అశోక. ప్రతి కిటికీ చుట్టూ ఎర్రరంగు ఝరోకా వంపు, లోపల రాజస్థానీ బొమ్మలు, పైఅంతస్తులో మొదటి తరగతివాళ్లు కూర్చుని మాట్లాడుకునే గది. ఆకాశంలో మీ రాజభవనం అని ప్రకటనలు ఇచ్చారు. విమానం పొడవు 70 మీటర్ల పైచిలుకు, 1:144లో 49 సెంటీమీటర్లు. అంత పొడవూ లావూ ఉన్న పొనికి దుంగ దొరకక రెండు పలకలు అతికి చెక్కాను. అన్నిటికన్నా కష్టమైంది ఆ ఝరోకాలు. ఈ కొలతలో 747 కిటికీ నువ్వుగింజంత. రెండు వైపులా కలిపి వందకు పైగా నువ్వుగింజలు, ఒక్కోదాని మీద ఎర్ర వంపు. మూడు వెంట్రుకలు మిగిల్చి కత్తిరించిన కుంచె, ఊపిరి బిగబట్టిన చెయ్యి. మధ్యలో కన్నార్పితే వంపు పోయి మరక మిగులుతుంది.

తోక దగ్గర రిజిస్ట్రేషన్ అక్షరాలు రాయాలి. మన దేశపు విమానాల అక్షరాలన్నీ వీటీతో మొదలవుతాయి. ఎంపరర్ అశోక అక్షరాలు వీటీ-ఈబీడీ. 1978 జనవరి 1 రాత్రి అది బొంబాయి నుంచి దుబాయ్‌కి బయల్దేరింది. టేకాఫ్ అయి రెండు నిమిషాలు కాకముందే బాంద్రా తీరానికి ఎదురుగా సముద్రంలో పడిపోయింది. 190 మంది ప్రయాణికులు, 23 మంది సిబ్బంది, ఒక్కరూ మిగలలేదు. కెప్టెన్ ముందున్న, విమానం ఎటు వాలిందో చూపే పరికరం తప్పు చూపింది. చీకట్లో సముద్రం మీద దిక్కు పోల్చుకోవడానికి వెలుతురు గీత ఏదీ కనబడదు. మోడళ్లు చేసే మిత్రులు కొందరు కూలిన విమానం అక్షరాలు రాయొద్దంటారు, అపశకునమని. నేను వీటీ-ఈబీడీ అనే రాశాను. కొత్త సంవత్సరం మొదటి రోజున దుబాయ్ విమానం ఎక్కినవాళ్లంటే బతుకుతెరువు కోసం పోయేవాళ్లు. వాళ్ల దారినే మా ఊళ్లు పోయాయి. వేరే అక్షరాలు రాస్తే నా బొమ్మ అందంగా ఉండేది, అబద్ధమూ అయ్యేది.

అదే జాతి విమానాల్లో ప్రధానులూ తిరిగారు. హుజూరాబాద్‌కు దగ్గర్లోని వంగరలో పెరిగిన పి.వి. నరసింహారావు 1991 నుంచి 1996 దాకా దేశాన్ని నడిపారు. ఆ కాలంలో ప్రధానుల దూర విదేశీ పర్యటనలకు ఎయిర్ ఇండియా 747లు వాడేవారు. వంగర చుట్టుపక్కల ఊళ్ల తాపీపనివాళ్లు, కార్పెంటర్లు అంతకు పదిహేనేళ్ల ముందే ఆ రకం విమానం వెనక వరుసల్లో కూర్చుని వచ్చినవాళ్లు. ఈ రెండు నిజాల్నీ పక్కపక్కన పెట్టి చూడటం నాకు ఇష్టం.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించాక తిరుగు ప్రయాణం మొదలైంది. కువైట్ నుంచి ఇరాక్ మీదుగా జోర్డాన్‌కు రోడ్డు మార్గాన చేరిన మనవాళ్లను అమ్మాన్ నుంచి బొంబాయికి చేర్చడానికి ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఆగస్టు 13 నుంచి అక్టోబర్ 11 వరకు 488 సార్లు ఎగిరాయి. లక్షా పదకొండు వేల మందికి పైగా వచ్చారు. ఒక పౌర విమాన సంస్థ చేసిన అతిపెద్ద తరలింపుగా అది గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. ఆ విమానాల్లో వచ్చినవాళ్లను కిటికీలూ ఇంజన్లూ అడిగితే ఏమీ చెప్పలేరు. వాళ్లకు గుర్తున్నది ఎడారి, టెంటు, నీళ్ల సీసా. అప్పుడు నేను మోడల్ బయటికి తియ్యను.

ఆ విమానాలు ఇప్పుడెక్కడున్నాయి? చాలావరకు కరిగించారు. ఎయిర్ ఇండియా చివరి 747 2024 ఏప్రిల్ 22న ముంబయి నుంచి అమెరికాకు విడిభాగాల కోసం వెళ్లిపోయింది. లేచాక రెక్కలు అటూ ఇటూ ఊపి సెలవు తీసుకుంది. 2022 నవంబరులో బాపట్ల జిల్లా మేదరమెట్ల దగ్గర అండర్‌పాస్ కింద ట్రెయిలర్ మీద ఇరుక్కున్న విమానాన్ని టీవీల్లో చూసే ఉంటారు. హైదరాబాద్‌లో హోటలుగా మార్చడానికి కొనుక్కుని తెస్తున్న పాత విమానం. రెక్కలు కోసేశారు, తోక లేదు. ఇంజన్లు ఎక్కడుండేవో ఆ ఒంటిని చూసి ఎవరూ చెప్పలేరు. బేగంపేటలో ప్రయాణికుల విమానాలు దిగడం 2008 మార్చిలో ఆగిపోయింది, శంషాబాద్ తెరుచుకున్న రోజున. రూపం పూర్తిగా మిగిలింది ఫొటోల్లో, మోడళ్లలో, ఎక్కినవాళ్ల తలల్లో. మూడోది త్వరగా తరిగిపోతోంది. డెబ్బైల్లో పోయినవాళ్లకు ఇప్పుడు డెబ్బై దాటింది.

అందుకే ఇంట్లో గల్ఫ్ పోయొచ్చిన పెద్దవాళ్లుంటే ఈ ఆదివారమే అడగండి. ట్రంకు పెట్టె అడుగున పాత పాస్‌పోర్టు ఉంటుంది. దాని ముద్రల మీద తేదీ ఉంటుంది. 1981లో బొంబాయిలో సహార్ టెర్మినల్ తెరవకముందు పోయారా, తర్వాతా అన్నది అక్కడే తేలుతుంది. టికెట్టు దొరికితే ఇంకా మంచిది. ఆ రోజుల టికెట్లు వెనక ఎర్ర కార్బన్ పూసిన పలచటి కాగితాలు, ముట్టుకుంటే వేళ్లకు అంటుతాయి. పారేయకుండా ఫొటో తీసి పెట్టుకోండి. దాని మీది ఫ్లైట్ నంబరును ఆ ఏటి టైంటేబుల్‌తో కలిపి చూస్తే ఏ రకం విమానమో తెలిసిపోతుంది. కాగితం ఏదీ లేకపోతే సీట్ల వరుస అడగండి. మధ్యలో ఒకటే దారి ఉండి అటు మూడు ఇటు మూడు సీట్లయితే 707 కావచ్చు. రెండు దారులుండి మూడు, నాలుగు, మూడు అయితే 747. రెండు, నాలుగు, రెండు అంటే ఎయిర్‌బస్ ఏ-300 కావచ్చు, ట్రైస్టార్ కూడా కావచ్చు. అప్పుడు తోకలో ఇంకో ఇంజన్ ఉండెనా అని అడగండి.